ముడి లేని పెళ్ళిపావడా

నా బిడ్డ ఏడ్చే చోట నేను లేకపోవడం. ఈ లోకంలో నాకు అన్నిటికంటే పెద్ద భయం అదే. పులి ఎదురుపడినా, మాంత్రికుడు ఎదురుపడినా అరిచో పరిగెత్తో ఏదో ఒకటి చేస్తాను. పాలకోసం నా ముత్యం ఏడుస్తూ ఉండి, ఆ ఏడుపు నా చెవిన పడని దూరంలో నేనుంటే మాత్రం ఏం చేయాలో నాకు తోచదు. అందుకే మయూఖపురం కోటలో యువరాణి పెళ్ళిబట్టలు కుట్టడానికి రమ్మని కబురు వచ్చినప్పుడు, పిల్లను చంకన వేసుకునే వస్తానని చెప్పి పంపాను. తీరా వెళ్ళాక తెలిసింది, వాళ్ళు నన్ను పిలిచిందే నాకు పాలు తాగే పిల్ల ఉందని.

మా కుట్టుపనివాళ్ళలో ఒక ఆచారం ఉంది. పెళ్ళిపావడా కుట్టడానికి సూదిలోకి ఎక్కించే మొదటి పోగును చంటిబిడ్డ తల్లి పాలలో తడుపుతారు. ఆ పావడా కట్టుకున్న పిల్ల ఏ ఇంట అడుగుపెట్టినా పుట్టింటి చలవ ఆమె వెంటే ఉంటుందని నమ్మకం. ఇంకొక ఆచారమూ ఉంది. పెళ్ళిపావడాలో ఎక్కడా ముడి వేయకూడదు. పెళ్ళిలో ముళ్ళు వేసే హక్కు పెళ్ళికొడుకు ఒక్కడిదే, అవీ మూడే. అందుకని మేము దారం కొసకు ముడి వేయం. కాస్త కొస వదిలి, అదే చోట వెనక్కి ఒకటి, ముందుకు ఒకటి చిన్న కుట్లు వేసి దారాన్ని బట్టలో కరిపిస్తాం. అలా అలవాటైన చేతికి ముడి వేయమన్నా వేయడం రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనివల్లే మేము బయటపడ్డాం, దీనివల్లే ఏట్లో మునగబోయాం.

కుట్టుమేడ కోటకు తూర్పున తామ్రవేణి నది మీదికి వంగి చూస్తున్నట్టు ఉంటుంది. పొద్దున్నే స్ఫటికపు కిటికీల్లోంచి ఎండ ఏడు రంగులుగా విడిపోయి నేలమీద పరుచుకుంటే, ఏది పట్టో ఏది ఎండో తెలిసేది కాదు. పావడాకి తెచ్చిన పట్టు తెల్లవారుజాము ఆకాశం రంగు. అంచు పొడవునా హంసల బారు, ఒక్కొక్క హంస ముక్కున ఒక్కొక్క చిన్న ముత్యం. హంసల పైన తామరలు, తామరల పైన మబ్బులు, మబ్బుల మధ్య కంటికి కనపడీ కనపడని జరీ మెరుపు. రెక్కలు రెక్కలుగా కోసి కలిపిన ఆ పావడాను నేలమీద పరిస్తే, ఒక కొలను లేచి వచ్చి గదిలో పడుకున్నట్టుండేది.

దాన్ని కుట్టేవాళ్ళం ముగ్గురం. మాకు పెద్ద పేరిందేవి అవ్వ. యువరాణి తల్లి పెళ్ళిపావడా కుట్టిన చెయ్యి ఆవిడది. ఇప్పుడు చూపు ఆనదు, అయినా వేలికొసతో తడిమి హంస కన్ను ఎక్కడుందో చెబుతుంది. రెండో మనిషి కాటమ్మ. నోటినిండా తమలపాకు, మాటనిండా ఎత్తిపొడుపు. మూడోదాన్ని నేను, నాంచారును. నా పక్కన నూలుబుట్టలో నా ముత్యం. దారపు కండెల మధ్య మెత్తటి పాతబట్టలు పరిచి పడుకోబెడితే, పిడికిళ్ళు చప్పరించుకుంటూ మా ముగ్గురికీ కావలి కాసేది.

యువరాణి వైజయంతి రోజూ మా దగ్గరికి వచ్చి కూర్చునేది. తల్లి లేని పిల్ల. కత్తి పట్టుకుంటే కోటలో ఆమెకు ఎదురు నిలిచేవాడు లేడు. సూది పట్టుకుంటే మాత్రం ముందు తన వేలే పొడుచుకునేది.

"అమ్మణ్ణీ, అది శత్రువు కాదు, గుడ్డ. నెమ్మదిగా పొడవండి," అనేది కాటమ్మ.

"నువ్వలా వెక్కిరిస్తుంటేనే కాటమ్మా, గురి తప్పేది," అని యువరాణి నవ్వి, ముత్యాన్ని ఒళ్ళోకి తీసుకునేది. మణికట్టు మీది రత్నాల గాజులు తీసి పక్కన పెట్టి మరీ ఎత్తుకునేది, పిల్లకు గుచ్చుకుంటాయని. అందుకు నాకు ఆమెంటే ప్రాణం.

పెళ్ళి దగ్గర పడ్డాక, పెళ్ళికొడుకు దేశమైన శంఖద్వీపం నుంచి వియ్యాలవారి పెద్దావిడ ఒకతె పరివారంతో దిగింది. పేరు రత్నాంబాదేవి. మొహం మీద మేలిముసుగు, ఒంటినిండా సాంబ్రాణి వాసన. తమ దేశపు ఆచారం ప్రకారం పెళ్ళిపావడాలో మగపెళ్ళివారి పెద్దావిడ కూడా నాలుగు కుట్లు వేయాలంది. మహారాజు సరేనన్నాడు. మేమూ జరిగి చోటిచ్చాం. నిన్న ఒకసారి, ఈరోజు పొద్దెక్కాక ఒకసారి వచ్చి కుట్టి వెళ్ళింది. దీపాలవేళకు వస్తాననీ, అప్పుడు యువరాణి పావడా కట్టుకుని చూపించాలనీ చెప్పి మెట్లు దిగింది.

"ఆవిడ పక్కన కూర్చుంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టుందే. నా కళ్ళు మండిపోతున్నాయి," అంది కాటమ్మ.

నేను ఆవిడ కుట్టిన చోటు తిరగేసి, బొటనవేలితో తడిమాను. మిరియపు గింజంత గట్టిది ఏదో తగిలింది. ఇంకాస్త పక్కకు జరిపితే మరొకటి.

"అవ్వా, ముడి ఉంది. రెండున్నాయి."

"శంఖద్వీపంలో వేస్తారేమో. వాళ్ళ కూరల్లో ఉప్పు కూడా వెయ్యరంట," అంది కాటమ్మ.

అవ్వ వచ్చి కూర్చుంది. వేలికొసతో ముడిని అటూ ఇటూ దొర్లించి చూసింది. వేలు తీసి అంది: "పెళ్ళిపావడాలో ఏ దేశపు ఆడదీ ముడి వెయ్యదే. ఇది వేసినవాడు, ముడి వేసే హక్కు తనదేననుకుంటున్నాడు."

అవ్వ కత్తెర తీసుకుని ముడిని పట్టింది. కత్తెర గాజులా పుటుక్కున విరిగింది. తెగని ముడిలోంచి సన్నని బూడిదరంగు వెంట్రుక ఒకటి బయటికి వచ్చి, గాలిలో పొగలా మెలిక తిరిగి, మళ్ళీ లోపలికి దూరింది.

యువరాణి లేచి నిలబడింది. "ఈ వెంట్రుకను నేనెరుగుదును. ధూమకేశుడిది."

ధూమకేశుడి కథ మయూఖపురంలో తెలియనివాళ్ళు లేరు. నల్లకోనలో ఉండే మాంత్రికుడు వాడు. తలమీద జుట్టుకు బదులు పొగ మొలుస్తుంది. పోయినేడు నిండు సభలోకి వచ్చి యువరాణిని తనకిచ్చి పెళ్ళి చేయమన్నాడు. ఆమె సింహాసనం పక్కనుంచి దిగివచ్చి ఒక్క వేటుకు వాడి జడ సగానికి తెగ్గొట్టింది. "నీ కాళ్ళతో నువ్వే నా వెంట నడిచివస్తావు," అని శాపనార్థం పెట్టి వాడు కిటికీలోంచి పొగలా పోయాడు. ఇప్పుడు వియ్యపురాలి వేషంలో తిరిగివచ్చాడన్నమాట.

"రెండు ముళ్ళు పడ్డాయి. మూడోది దీపాలవేళ, పావడా నీ ఒంటిమీద ఉండగా వేస్తాడు తల్లీ. అప్పుడిక వాడితో నీ పెళ్ళయిపోయినట్టే," అంది అవ్వ.

"పదండి, రాజుగారికి చెబుదాం," అంది కాటమ్మ.

"మెట్లమీద నిలబడ్డది ఎవరనుకున్నావు, వాడి పరివారమే. మాట మహారాజు దాకా పోయేలోపు వాడి చెవిన పడుతుంది," అంది అవ్వ.

"అయితే ఈ దరిద్రాన్ని ఏట్లో పారేస్తే సరి," అంటూ కాటమ్మ పావడాను చుట్టబెట్టి కిటికీ దగ్గరికి పోయింది. యువరాణి గుండె పట్టుకుని నేలమీద కూలబడింది. మొహం పాలిపోయింది, ఊపిరి అందడంలేదు. కాటమ్మ హడలిపోయి పావడాను తెచ్చి ఆమె ఒళ్ళో పడేస్తేగాని ఊపిరి తిరగలేదు. ఆ రెండు ముళ్ళలోనూ ఆమె ప్రాణం అప్పటికే చిక్కుకుంది. పావడా దూరమైతే ఆమె బతకదు.

అవ్వ నా వైపు తిరిగింది. "మొదటి పోగు తడిసింది నీ పాలతో. ఈ ముడి కరిగితే నీ పాలకే కరగాలి. ఏదీ, ఒక చుక్క వెయ్యి."

వేశాను. ముడి నానిన గింజలా కాస్త ఉబ్బింది, సడలబోయింది, అంతలోనే మునుపటికంటే గట్టిగా బిగుసుకుంది.

"వాడు ఇదే గట్టున ఉన్నాడుగా," అంది అవ్వ. "పారే నీళ్ళు దాటి వాడి మంత్రం పోలేదు. ఏరు దాటి అవతలి ఒడ్డున చెయ్యాలి. దీపాలవేళ లోపు."

అంటే పావడా వెళ్ళాలి, పావడాతో యువరాణి వెళ్ళాలి, వాళ్ళతో నేను వెళ్ళాలి. అంతవరకు నాకు అర్థమైంది. వాడి పరివారం లేని దారి కుట్టుమేడ వెనకవాకిలి ఒక్కటే. అక్కడినుంచి పనివాళ్ళు బయటికి పోయేటప్పుడు ప్రతి మూటనూ విప్పి చూస్తారు. జరీ పోగు కూడా బయటికి పోవడానికి లేదు. విప్పనిది ఒక్కటే, నా ముత్యాన్ని చుట్టిన మూట. చంటిపిల్ల మొహాన అందరి కళ్ళూ పడకూడదని మొదటిరోజే అవ్వ కావలివాడికి చెప్పి పెట్టింది. అప్పుడు నాకు మిగతాది కూడా అర్థమైంది.

"నాంచారూ," అంది అవ్వ, "ముత్యాన్ని నాకియ్యి."

నేను బుట్టకు అడ్డంగా కూర్చున్నాను. ఇవ్వనన్నాను.

"నాంచారక్కను బలవంతపెట్టకు అవ్వా," అంది యువరాణి. "పావడా కట్టుకుని వాడి ఎదురుగానే కూర్చుంటాను. మూడో ముడికి చెయ్యి చాచినప్పుడు పొడుస్తాను."

మాట ధైర్యంగానే ఉంది. కానీ ఆమె పాదాలు నాకు కనిపిస్తున్నాయి. కూర్చున్న మనిషి పాదాలు వాటంతట అవే నేలమీద పాకుతూ మెట్ల వైపు తిరుగుతున్నాయి. ఆమె రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుని వాటిని ఆపుతోంది. నేను చూశానని తెలిసి, పిల్లలా పాదాల మీద చీరకుచ్చెళ్ళు కప్పేసుకుంది.

నేను బుట్టలోంచి ముత్యాన్ని ఎత్తుకుని ఒక పక్క పాలు పట్టాను. రెండో పక్క ముడికోసం ఉంచాలి. నా చిట్టితల్లికి ఆ సంగతేం తెలుసు. ఒక పక్క తాగడం కాగానే అలవాటుగా రెండో పక్కకు తిరిగి నోరు తెరిచింది. దాని నోటికి దాని పిడికిలే అందించి అవ్వ చేతుల్లో పెట్టాను.

"ఆకలేస్తే ఎడమ పిడికిలి చప్పరిస్తుంది అవ్వా. కుడిది చప్పరిస్తే నిద్రకు."

"నాకు తెలియదా ఏం. ఎంతమంది చంటిపిల్లలను పెంచిన చేతులివి," అంది అవ్వ.

ఆ తరువాతి పనులు కళ్ళు మూసి తెరిచేలోపు జరిగాయి. కాటమ్మ చీర యువరాణి కట్టుకుంది, యువరాణి చీర కాటమ్మ కట్టుకుంది. యువరాణి నోట్లో కాటమ్మ తమలపాకు చుట్ట కుక్కి, తలమీద ముసుగు లాగింది. కొలతలకోసం ముందుగా కుట్టిన ఉత్త నూలు పావడా ఒకటి మూలన పడి ఉంది. దాన్ని కాటమ్మ తాను తొడుక్కుని, మొహం నిండా మేలిముసుగు వేసుకుని, పీటమీద పెళ్ళికూతురిలా కూర్చుంది.

"నా మొగుడు కూడా నన్నిట్టా కూర్చోబెట్టలేదే," అంది ముసుగులోంచి. "ఆ పొగవెధవ నా చెయ్యి పట్టుకుంటే కొరుకుతాను, ముందే చెబుతున్నా."

పట్టుపావడాను మడతలు మడతలుగా చుట్టి ముత్యం పొత్తిగుడ్డల్లో కట్టి నా గుండెకు ఆనించుకున్నాను. బరువు కూడా ముత్యం అంతే ఉంది. అది నాకు ఇంకా బాధనిపించింది.

వాకిట్లో సింగన్న ఈటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుమ్మడిపండంత తలపాగా, భుజాల దాకా మీసాలు. వట్టి వెన్నముద్ద మనిషి. రోజూ నా పిల్లకు వంగి దండం పెడితేగాని గొళ్ళెం తీయడు.

"ముత్యాలమ్మగారికి దండాలు. ఇయ్యాల పెందరాళే బయల్దేరారేం దొరసానిగారు?"

"ఒళ్ళు వెచ్చగా ఉంది సింగన్నా," అన్నాను. అది అబద్ధం కాదు. లోపలి ముళ్ళు వేడెక్కి మూట నిజంగానే కాలుతోంది.

"అయ్యో తల్లి. ఏదీ, ఒక్కసారి మొహం చూడనీ. నవ్వొద్దులే, ఊరికే చూస్తే చాలు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అప్పుడు ముసుగులోంచి యువరాణి అంది, అచ్చం కాటమ్మలా, ఆకు ఒక బుగ్గన పెట్టుకుని: "నిన్న నీ మీసాలు చూసి జడుసుకునే దానికి జొరమొచ్చింది బావా. ముందు ఆ రెండూ మడిచి తలపాగాలో దోపుకో, అప్పుడు చూద్దువుగాని."

"గొంతు అట్టా పోయిందేం కాటమ్మా?"

"నీకు జవాబు చెప్పీ చెప్పీ."

సింగన్న నవ్వబోయి, మూట మీదికి వంగాడు. అదే క్షణాన గుడ్డల్లో ముడి మెలిక తిరిగింది. మూట ఎగిరిపడింది. నేను దాన్ని రెండు చేతులా అదిమిపట్టాను. సింగన్న మొహం మాత్రం దీపంలా వెలిగింది.

"కాలు తన్నింది చూశారా. నన్ను గుర్తుపట్టింది," అని గొళ్ళెం తీశాడు. "పోయి మిరియాల కషాయం పట్టండి. రేపు పొద్దున్నే కనబడాలి మరి."

ఆ మనిషిని మోసం చేసినందుకు నాకింకా మనసులో ముల్లులా ఉంది.

రేవులో మా నాన్న నడిపినటువంటి పుట్టి ఒకటి ఖాళీగా తేలుతోంది. గుండ్రంగా అల్లి తోలు కప్పిన పడవ. నాన్న పోయాక బడి మాని తెడ్డు పట్టాను, తెడ్డు మాని సూది పట్టాను, అందుకని పుట్టి నాకు కొత్తకాదు. యువరాణిని ఎక్కించి, మూట ఆమె ఒళ్ళో పెట్టి, తోసి దూకాను. తామ్రవేణి సాయంత్రపు ఎండలో రాగి కరిగించి పోసినట్టు పారుతోంది. ఒడ్డున మొగలిపొదల మీద కొంగలు వాలుతున్నాయి. వెనకనుంచి కోటలో సన్నాయి మొదలైంది. దీపాలవేళ.

నడి ఏటికి రాకముందే సన్నాయి ఆగిపోయింది. తిరిగి చూస్తే కుట్టుమేడ కిటికీల్లోంచి పొగ కక్కుతోంది. మంట లేదు, ఉత్త బూడిదరంగు పొగ. కాటమ్మ ముసుగు వాడు తీసేశాడన్నమాట. ఆ కిటికీ పక్కనే నూలుబుట్ట ఉండే చోటు.

"అక్కా, చేతులు ఆపకు," అంది యువరాణి. నేను ఆపానని నాకు తెలియలేదు.

పొగ గోడ దిగింది, గట్టు మీదికి వచ్చి ఆగింది. ఏరు దాటలేక అక్కడే మనిషి ఆకారంగా నిలబడి తల విదిలించింది. ఆ తలనుంచి జడలు జడలుగా పొగ సాగి నీళ్ళమీద పాములా పాకుతూ వచ్చింది. మనిషి దాటలేకపోయినా అవతలి ఒడ్డు అంచుదాకా జడలు చాచే బలం వాడికింకా ఉంది. ఒక జడ తెడ్డును చుట్టుకుని విరిచేసింది. ఇంకో జడ పుట్టి అంచును పట్టుకుని గిర్రున తిప్పింది. ఆకాశం, నీళ్ళు, కోట అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు తిరిగిపోయాయి. యువరాణి రొండిన దాచిన చురకత్తి తీసి నరికింది. పోయినేడు సభలో తెగిన జడే ఈసారి కత్తికి లొంగలేదు. తెగినచోటే అతుక్కుంది.

నా రవికకు గుచ్చుకున్న సూది చేతికి తగిలింది. దానిలో ఆ మొదటి కండె దారమే మిగిలి ఉంది, పాలలో తడిపిన దారం. ఇంకేమీ ఆలోచించలేదు. ఒక జడను ఎడమచేత్తో అదిమి, పక్క జడతో కలిపి కుట్టేశాను.

కుట్టు పడింది. పొగ గిలగిలలాడింది. "ఇటూ అక్కా," అని యువరాణి మరో జడను రెండు చేతులా పట్టి నా సూది కిందికి లాగింది. చిరిగిన అంచులు కలిపినట్టు వాడి జడలను వాడి జడలతోనే చకచకా కలిపేశాను. ఒకదాన్నొకటి లాక్కుంటూ అవి నీళ్ళలో చుట్టలు చుట్టుకున్నాయి. గట్టుమీద వాడు తల పట్టుకుని ఊగుతున్నాడు. యువరాణి నవ్వింది. ఆ పూటంతటిలో అదొక్కటే నవ్వు. చేతులే తెడ్లుగా నీళ్ళు తోసుకుంటూ అవతలి ఒడ్డు వైపు సాగాం.

ఒడ్డు రాళ్ళు కనిపిస్తుండగా సర్రుమని చప్పుడైంది. నా కుట్టు మొదటినుంచి చివరిదాకా జారిపోతోంది. కొసన ముడి వేయలేదు నేను. వెనక్కి ఒకటి, ముందుకు ఒకటి కుట్టి వదిలేశాను, అలవాటు ప్రకారం. బట్టలో అయితే దారం కరుచుకుంటుంది, పొగలో ఏం కరుచుకుంటుంది. ఆ ఆచారం పెళ్ళిపావడాకేగాని మాంత్రికుడి జడకు కాదని, ఆ హడావిడిలో నా చేతికి ఎవరు చెబుతారు.

విడిపోయిన జడలన్నీ కలిసి ఒక్క దెబ్బ కొట్టాయి. పుట్టి గాలిలోకి లేచి రాళ్ళమీద పడి కొబ్బరిచిప్పలా పగిలింది. నేను మోకాళ్ళలోతు నీళ్ళలో పడ్డాను. యువరాణి మెడలోతులో పడి కూడా మూటను తలపైకి ఎత్తి పట్టుకుంది. ఒకరినొకరం లాక్కుంటూ ఇసుకలోకి పాకాం. పొగ మా మడమలదాకా వచ్చి, ఒడ్డు తాకలేక వెనక్కి పోయింది.

మూట విప్పాను. హంసలు తడిసి మెరుస్తున్నాయి. ముళ్ళు రెండూ నిప్పుకణికల్లా ఉన్నాయి. మొదటి ముడి మీద పాలు పిండాను. ఈసారి బిగుసుకోలేదు. చక్కెర కరిగినట్టు కరిగి, లోపలి వెంట్రుక బూడిదై రాలింది. యువరాణి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

రెండో ముడి దగ్గరికి వచ్చేసరికి పాలు రాలేదు. ఎంత పిండినా చుక్క లేదు. భయానికి రొమ్ము రాయిలా బిగిసిపోయింది. యువరాణి పాదాలు మళ్ళీ నీళ్ళ వైపు పాకడం మొదలుపెట్టాయి. ఆమె ఇసుకలో గోళ్ళు దింపి ఆపుకుంటూ, "తొందరేం లేదు అక్కా," అంది. ఎంత తొందరో ఆమె గోళ్ళే చెబుతున్నాయి.

అప్పుడు అవతలి గట్టునుంచి ఆడగొంతు వినిపించింది, మర్యాదగా, రత్నాంబాదేవి గొంతుతో.

"నాంచారూ, నీ పాప లేచిందమ్మా. రా, పావడా తెచ్చిచ్చి పాపను తీసుకుపో."

ఆ వెంటనే ఏడుపు. చంటిపిల్ల ఏడుపు. మొదట చిన్నగా, తరువాత ఊపిరి బిగబట్టి ఎత్తుకునే ఆ పెద్ద ఏడుపు. నీళ్ళ మీదుగా, అంత దూరం నుంచి, నా ఒళ్ళోనే ఏడుస్తున్నట్టు వినిపించింది.

నేను లేచి ఏటి వైపు పరిగెత్తబోయాను. యువరాణి నన్ను పట్టుకోలేదు. "వెళ్తానంటే వెళ్ళు అక్కా," అంది. అంతే. కానీ నేను అడుగు వేసేలోపే నా ఒళ్ళు ఆ ఏడుపుకు జవాబిచ్చింది. బిగిసిన రొమ్ములో జివ్వుమంది. పిల్ల ఏడిస్తే తల్లికి పాలు చేపుతాయన్న సంగతి, ఒళ్ళో బిడ్డను ఎన్నడూ ఎత్తుకోని ఆ పొగవాడికి ఎలా తెలుస్తుంది. రవిక తడిసింది, పవిట తడిసింది. నేను మోకాళ్ళమీద పడి పావడాను గుండెకు హత్తుకున్నాను. ఏడుపు వినిపిస్తున్నంతసేపూ పాలు ధారగా పడుతూనే ఉన్నాయి. నా చేతుల కింద రెండో ముడి మెత్తబడి, వేలికొసకు అందకుండా కరిగిపోయింది.

యువరాణి పాదాలు ఆగాయి. అవతలి గట్టుమీద ఆకారం నడుము విరిగినట్టు వంగింది. వాడి తలమీది పొగలో సగం గాలికి చెదిరిపోయింది. మిగిలిన సగంతో వాడు నిటారుగా నిలబడి, ఈసారి సొంత గొంతుతో అన్నాడు: "పావడా మీ దగ్గర ఉంచుకోండి. బుట్ట నా దగ్గర ఉంటుంది."

ఆ పొగ కోట వైపు తిరిగింది.

మా పుట్టి ముక్కలు ఏటివెంట పోతున్నాయి. ఈదుదామంటే ఆ సుడుల్లో ఏనుగు కూడా నిలవదు. ఎగువన కొండల మధ్య తీగలతో అల్లిన వంతెన ఒకటి ఉందని, అది దాటితే కోట ఉత్తరపు బురుజు కిందికి చేరవచ్చని యువరాణి చెప్పింది. కొండ ఎక్కాలి, అడవి దాటాలి. ఆమె పట్టుపావడాను పైకి దోపి కట్టుకుంది. ముళ్ళు లేని ఆ పావడా ఇప్పుడు ఆమె మాట వినే బట్ట. చురకత్తి నా చేతికిచ్చి, సూది తాను తీసుకుంది.

"ముత్యం నీ దగ్గరికి చేరేదాకా నాకు పెళ్ళి లేదు," అంది. "నడు అక్కా."

నడుస్తున్నాం. ఇక్కడినుంచి చూస్తే కుట్టుమేడ కిటికీ గోరంత కనిపిస్తోంది. అక్కడ దీపం ఉందో లేదో తెలియడంలేదు. ఆ ఏడుపు నా ముత్యానిదో, వాడు గొంతు మార్చి ఏడ్చిందో కూడా నాకు తెలియలేదు. కన్నతల్లిని, నాకే తెలియలేదు. నా పాలు నమ్మాయి, నేను నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

మీలో ఎవరైనా ఏటికి అటువైపు ఉంటే, మయూఖపురం కోట వెనకవాకిట్లో సింగన్నను అడిగి, ముత్యాలమ్మగారి మనుషులమని చెప్పి, ఒక్కసారి పైకి వెళ్ళండి. అవ్వ దారాన్ని నమిలి తెంపే చప్పుడు, కాటమ్మ తిట్లు వినిపిస్తే భయంలేదు, అక్కడే ఉన్నారన్నమాట. దారపు కండెల మధ్య నూలుబుట్టలోకి తొంగిచూడండి. కుడి పిడికిలి చప్పరిస్తుంటే నిద్రకే, లేపకండి. ఎడమది చప్పరిస్తుంటే మాత్రం, అమ్మ కొండ ఎక్కుతోందని చెప్పి, నేను వచ్చేదాకా కాస్త ఎత్తుకోండి.